గాజు బిళ్ల మీద గవర్నరు ముద్ర

కైరో వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి. జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. పిరమిడ్లు, సింహిక, టుటంఖామున్ బంగారు ముసుగు, రాత్రిపూట నైలు మీద పడవలో భోజనం. తప్పేం లేదు, అంత దూరం వెళ్లి అవి చూడకుండా ఎలా వస్తాం! కానీ అదే నగరంలో పిరమిడ్లకు పూర్తి వ్యతిరేకమైన వింత ఒకటుంది. అరచేతిలో నాలుగైదు పట్టేస్తాయి. చాలావరకు ఆకుపచ్చవి. పాత రూపాయి బిళ్లంత వెడల్పు. మధ్యలో ముద్ర నొక్కడంతో అంచు చుట్టూ కొద్దిగా ఉబ్బి ఉంటుంది, అచ్చం రిజిస్టర్డు పార్సిలు మీద వేసే లక్క ముద్రలాగా. ముద్రలో నాలుగైదు వరుసల అరబ్బీ అక్షరాలు. చూసేవాళ్లు ఏ హారంలోంచో ఊడిపడ్డ బిళ్ల అనుకుంటారు. నిజానికవి పడికట్టు రాళ్లు. పదమూడు వందల ఏళ్ల కిందట ఈజిప్టు బజార్లలో నాణేలు తూచిన గాజు రాళ్లు.

వీటి ఊరు ఫుస్తాత్. తహ్రీర్ చౌక్‌లోని సాదాత్ స్టేషన్లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ మార్ గిర్గిస్. దిగగానే ఎదురుగా పాత చర్చిలు, రోమన్ల నాటి కోట బురుజు. అక్కణ్నుంచి నాలుగడుగులు ఉత్తరానికి వేస్తే అమ్ర్ మసీదు. క్రీ.శ. 641లో ఈజిప్టును గెలిచిన అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ తన గుడారం చుట్టూ వేసిన కొత్త ఊరే ఫుస్తాత్. కైరో పుట్టింది ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక, 969లో. మసీదును ఎన్నోసార్లు కూల్చి కట్టారు కాబట్టి అమ్ర్ నాటి ఇటుక ఒక్కటి కూడా మిగల్లేదు. దాని వెనకాల ఉన్న ఖాళీ నేలే అసలు ఫుస్తాత్. గోడల పునాదులు, బావులు, పెంకులు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ 1912 నుంచి అలీ బహ్‌గత్, 1964 నుంచి అమెరికా పురావస్తు నిపుణుడు జార్జ్ స్కాన్లన్ తవ్వకాలు జరిపింది ఈ నేలలోనే. అంతకుముందు చుట్టుపక్కల రైతులు ఈ దిబ్బల మట్టిని ఎరువుగా తవ్వుకుపోయేవాళ్లు. ఆ పలుగుల కింద బయటపడ్డ గాజు బిళ్లలు ఐరోపా మ్యూజియాలకు చేరాయి.

వచ్చిన కొత్తలో అవేమిటో వాళ్లకు అంతుబట్టలేదు. గుండ్రంగా ఉన్నాయి, రాజు పేరుంది, కాబట్టి గాజు నాణేలు కాబోలనుకున్నారు. 1847లో ఇటలీ పండితుడు కాస్టిల్యోనీ ఇవి నాణేలు కావు, నాణేలను తూచే రాళ్లని వాదిస్తూ ఒక పుస్తకమే రాశాడు. తూచి చూస్తే సంగతి తేలిపోయింది. దీనారు అని రాసి ఉన్న బిళ్లలు 4.23 గ్రాములకు అటూ ఇటూగా తూగుతున్నాయి. అది బంగారు దీనారు బరువు!

నాణేన్ని తూచడమెందుకు?

రూపాయి బిళ్ల తీసుకుని కాటాలో వేసి చూసే అలవాటు మనకు లేదు. ఎందుకంటే దానిలోని లోహానికీ దాని విలువకూ సంబంధం లేదు. ఆ రోజుల్లో అలా కాదు. దీనారు విలువంటే అందులోని బంగారం విలువే. అంచు నుంచి చిటికెడు గీసుకున్నా, సంచిలో పోసి బాగా కుదిపి రాలిన పొడిని పోగేసుకున్నా అది దొంగతనమే. కాబట్టి డబ్బు చేతులు మారినప్పుడల్లా తక్కెడ బయటికి వచ్చేది.

696లో ఉమయ్యద్ ఖలీఫా అబ్ద్ అల్ మాలిక్ డమాస్కస్‌లో కూచుని కొత్త నాణెం తెచ్చాడు. అంతదాకా అరబ్బులు పొరుగున ఉన్న బైజాంటియం చక్రవర్తుల బంగారు నాణేలనే, లేదా వాటికి నకళ్లనే వాడుకునేవాళ్లు. కొత్త దీనారు మీద బొమ్మల్లేవు, అక్షరాలే. బరువు నాలుగుంపావు గ్రాములు. కొత్త నాణెం వచ్చిందంటే కొత్త రాళ్లు కూడా కావాలి కదా. గాజుతో రాళ్లు చేయడం బైజాంటియం వాళ్లకు ముందే తెలుసు. ఈజిప్టు అరబ్బులు ఆ పద్ధతిని అందుకున్నారు.

గాజే ఎందుకన్నదానికి 14వ శతాబ్దపు ఈజిప్టు రచయిత అద్ దమీరీ ఒక కథ చెప్పాడు. బైజాంటియం చక్రవర్తి తన నాణేల మీద ఇస్లాంను కించపరిచే రాతలు వేయిస్తానని బెదిరించాడట. ఖలీఫాకు దిక్కుతోచక ప్రవక్త వంశీకుడైన ఇమామ్ ముహమ్మద్ అల్ బాకిర్‌ను సలహా అడిగాడట. సొంత నాణెం కొట్టించు, తూకపురాళ్లు గాజుతో పోయించు, గాజైతే పెంచడానికీ తుంచడానికీ వీలుండదు అన్నాడట ఆయన. కథ నిజమో కాదో గానీ అందులోని లెక్క మాత్రం నిజం. ఇనుప గుండు తుప్పు పడుతుంది. ఇత్తడిని అరగదీయొచ్చు, అడుగున తొలిచి తేలికచేసి పైన పూడ్చేయొచ్చు. మన కిరాణా కొట్లో ఇనుప గుండు తిరగేస్తే అడుగున రంధ్రంలో సీసం పోసి, దాని మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. దాని అవసరమంతా అందుకే. గాజుతో ఆ బాధ లేదు. తుప్పు పట్టదు. గీకితే గరుకు తేలుతుంది, పెచ్చు ఊడితే పల్లెటూరి ముసలమ్మ కంటికి కూడా కనబడుతుంది.

చేసే పద్ధతి వినడానికి తేలిక. కరిగిన గాజును బొట్టుగా పోసి, అది గట్టిపడేలోగా ముద్ర నొక్కడమే. కష్టమంతా ఆ బొట్టు ఎంత పోయాలన్నదానిలో ఉంది. ఎక్కువైతే గీకి సరిచేయడానికి లేదు. మళ్లీ కొలిమిలోకే. గ్రాములో వందో వంతు తేడాల్లో పనిచేశారంటే ఆ చేతి వాటాన్ని మెచ్చుకోవాల్సిందే.

చేతుల మీదుగా...

బిళ్ల మీద ఏం రాశారో చూద్దాం. చాలావాటి మీద మాట ఒకటే: నిండుగా తూచాలని దేవుడి ఆజ్ఞ. తర్వాత ఫలానా అమీరు ఆదేశం మీద చేసినది అంటూ అధికారి పేరు. ఆ కింద దీనారు, సగం దీనారు, దీనారులో మూడో వంతు అంటూ బరువు. పక్కనే 'పూర్తి తూకం' అన్న హామీ. కొన్నింటి మీద చివర్లో ఇంకో పేరు కూడా ఉంటుంది, పని చేయించిన అధికారిది. దాన్ని అరబ్బీలో 'అలా యదయ్' అని మొదలుపెడతారు. అంటే ఫలానావారి చేతుల మీదుగా! మన శిలాఫలకాల మీద మంత్రిగారి చేతుల మీదుగా అని రాసుకుంటామే, సరిగ్గా అదే మాట. ఇంకో మాటా మనల్ని గుర్తుచేస్తుంది. తూకపురాయిని అరబ్బీలో సన్జా అంటారు. ఆ మాట పారశీక భాషలోని 'సంగ్' నుంచి వచ్చింది. సంగ్ అంటే రాయి. వాళ్ల రాయి కూడా రాయి కాదు, మన కిలో రాయి ఇనుముదైనట్టే.

పేరు దొరికిన బిళ్లల్లో అన్నిటికన్నా పాతవి 709 నుంచి 714 దాకా ఈజిప్టును ఏలిన గవర్నరు కుర్రా ఇబ్న్ షరీక్‌వి. అప్పటికి సర్కారు దస్తావేజులు గ్రీకు నుంచి అరబ్బీకి మారి ఇంకా పదేళ్లు కాలేదు. ఊళ్లలో జనం మాట్లాడేది కోప్టిక్ భాష. కొట్లో కూచున్న వ్యాపారికి గానీ, కొనడానికి వచ్చినవాడికి గానీ ఆ అక్షరాలు చదవడం వచ్చుండదు. అయినా పనైపోయేది. మన తాతల్లో చదువు రానివాళ్లు నోటును రంగు చూసి గుర్తుపట్టలేదూ, అలాగే.

పెద్ద బరువులకు బిళ్ల చాలదు. వాటికి మందపాటి గాజు ముద్దను పట్టుకోవడానికి వీలుగా ఉంగరంలా మలిచేవాళ్లు. మాంసం తూచడానికి రత్ల్ అనే బరువు, మన అరకిలోకు కాస్త తక్కువ. దాని మీద మాంసం అనే రాసుంటుంది. ద్రాక్షపళ్లకు మరొకటి.

నాకు వీటన్నిటికన్నా ముచ్చటగా అనిపించేవి కొలత పాత్రల ముద్రలు. మనకు గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్నట్టే వాళ్లకు కిస్త్, అర కిస్త్, పావు కిస్త్. నూనె లాంటివి కొలిచే ఆ పాత్రలు కూడా గాజువే. పాత్ర పక్కన గాజు ముద్ద అంటించి సర్కారు ముద్ర వేసేవాళ్లు. పాత్రలు ఎప్పుడో పగిలిపోయాయి, మందంగా ఉండే ముద్రలు మిగిలాయి. వాటి మీద రాసిన సరుకులు చదువుతుంటే కిరాణా చీటీ చదువుతున్నట్టే ఉంటుంది. జీలకర్ర, శనగలు, మసూరపప్పు, పొట్టు తీసిన మసూరపప్పు, ఆలివ్ నూనె, జుట్టుకు రంగు వేసుకునే ఆకు పొడి. పొట్టు పప్పుకో పాత్ర, పొట్టు తీసిన పప్పుకో పాత్ర! కొన్నింటి మీద 'ఒక ఫల్స్ జీలకర్ర' లాంటి కొలత ఉంటుంది. ఫల్స్ అంటే రాగి నాణెం. అంటే రాగి డబ్బుకు ఎంత జీలకర్ర ఇవ్వాలో సర్కారే పాత్ర చేసి కొట్లో పెట్టించింది. దీనారు ముఖం ఎరగని కూలివాడి ఇంటావిడ పావలా పప్పు కొనేటప్పుడు దండి కొట్టకుండా ఈ ముద్ర కాపలా కాసేదన్నమాట. ఖురాన్ 83వ అధ్యాయం పేరే కొలతల్లో మోసం చేసేవాళ్ల మీద ఉంది. బజార్లో తిరిగి తక్కెడలు తనిఖీ చేయడానికి ముహ్తసిబ్ అనే ఉద్యోగి కూడా ఉండేవాడు.

ఒక్క గింజ కోసం తిరుగుబాటు

అయితే ఇదంతా ప్రజల మీద ప్రేమతోనే చేశారనుకుంటే పొరపాటు. ముద్రల మీద కనిపించే పేర్లు చాలావరకు ఈజిప్టు ఆర్థికాధికారులవి. అంటే పన్నులు వసూలు చేసేవాళ్లవి. పన్నుగా వచ్చే దీనార్లు కూడా ఈ రాళ్లతోనే తూగాలి.

ఉసామా ఇబ్న్ జైద్ సంగతే తీసుకోండి. 714 నుంచి 717 దాకా ఈయన ఖజానాకు పెద్ద. నిండు తూకం అని చాటే బిళ్లల మీద ఈయన పేరు పదిలంగా ఉంది. అదే ఉసామా క్రైస్తవ సన్యాసులు పన్ను ఎగ్గొట్టకుండా ఒక్కొక్కరికీ మఠం పేరు, సంవత్సరం ఉన్న ఇనుప కడియం తొడిగించాడని కోప్టిక్ చర్చి చరిత్ర చెబుతోంది. 717లో కొత్త ఖలీఫా ఉమర్ గద్దెనెక్కగానే ఈయన్ను పదవి నుంచి పీకేసి జైల్లో పెట్టించాడు. ఇంతకీ ఉసామా కట్టించింది ఒకటి కైరోలో ఇప్పటికీ చూడొచ్చు. మార్ గిర్గిస్‌కు ఎదురుగా నైలులో రోడా ద్వీపం దక్షిణపు కొసన ఉన్న నీటి కొలబద్ద, నైలోమీటరు. 715లో ఉసామా మొదట కట్టించాడు, 861లో దాన్ని తిరిగి కట్టారు. ఇప్పుడు కనిపించేది అదే. నేలలోకి దిగే లోతైన రాతి బావి, గోడ వెంట మెట్లు, నడిమధ్య మూరల గీతలున్న ఎనిమిది పలకల స్తంభం. వరద నీరు పదహారు మూరలకు చేరితే ఆ ఏడు పంటకు ఢోకా లేదు, పన్నుకూ ఢోకా లేదు. చేరకపోతే కరువు. నదిని కూడా సర్కారు ఇలా తూచిందన్నమాట! నది నుంచి నీళ్లొచ్చే సొరంగాలు మూసేశారు కాబట్టి ఇప్పుడు అడుగుదాకా దిగి పైకి చూడొచ్చు. పక్కనే గాయని ఉమ్ కుల్సూమ్ మ్యూజియం, ఓపికుంటే అదీ చూడండి.

ఉసామా తర్వాత కొన్నేళ్లకు వచ్చిన ఉబైదుల్లా ఇబ్న్ అల్ హబ్‌హాబ్ బిళ్లలు అన్ని మ్యూజియాల్లోనూ కనిపిస్తాయి. ఈయన కథకు ముందు ఒక గింజ గురించి చెప్పుకోవాలి. మనం బంగారాన్ని గురిగింజలతో తూచినట్టే మధ్యధరా సముద్రం చుట్టుపక్కలవాళ్లు కరోబ్ చెట్టు గింజలతో తూచేవాళ్లు. అరబ్బీలో ఆ గింజ ఖర్రూబా. ఫల్స్ తూచే గాజు బిళ్లల మీద ఇన్ని ఖర్రూబాలు అనే బరువు రాసుంటుంది. ఒక ఖర్రూబా మన లెక్కలో గ్రాములో అయిదో వంతు కన్నా ఓ పిసరు తక్కువ. గ్రీకులు ఆ గింజను కెరాతియాన్ అన్నారు, అరబ్బులు ఖీరాత్ చేశారు, తిరిగి తిరిగి అది మన నగల షాపుల్లో క్యారెట్ అయింది. బంగారు నాణెంలో 24 ఖీరాత్‌లని లెక్క. మేలిమి బంగారాన్ని 24 క్యారెట్లనడం ఆ లెక్క ప్రకారమే. ఈ గింజలన్నీ ఒకే బరువుంటాయని పుస్తకాలు తరతరాలుగా చెబుతూ వచ్చాయి. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు తూచి చూస్తే మిగతా గింజల్లాగే ఇవీ హెచ్చుతగ్గులే. కాకపోతే మనిషి కన్ను సమానంగా ఉన్నవాటిని ఏరగలదని తేలింది. కైరో వీధుల్లో రంజాన్ రోజుల్లో ముదురు గోధుమరంగు ఖర్రూబ్ షర్బత్ అమ్ముతారు. అది ఈ చెట్టు కాయలతో చేసిందే. బాగా చల్లగా ఉన్నప్పుడు తాగితే బెల్లం పానకం గుర్తొస్తుంది.

ఇక ఉబైదుల్లా. ఈజిప్టు భూమి ఇంకా పన్ను భరించగలదని ఖలీఫా హిషామ్‌కు ఉత్తరం రాసి, ప్రతి దీనారు పన్ను మీద ఒక ఖీరాత్ పెంచాడు. నూటికి నాలుగు చిల్లర. అంతే, 725లో డెల్టా ప్రాంతపు కోప్టులు తిరగబడ్డారు. అరబ్బుల పాలనలో వాళ్ల మొదటి తిరుగుబాటు అది. సైన్యం దిగింది, ఎందరో చనిపోయారు. గింజంత పెంపు అని పైనున్నవాడు అనుకుని ఉండొచ్చు. కట్టేవాడికి అప్పటికే ఎంత బరువుందో తూచే రాయి ఆయన దగ్గర లేదు.

సముద్రం దాచిన పదహారు

969లో ఫాతిమీలు వచ్చి కైరో కట్టాక గాజు బిళ్లలకు రంగులొచ్చాయి. నీలం, తేనె రంగు, ఊదా, నలుపు. మీద అధికారి పేరు పోయి ఖలీఫా పేరు వచ్చింది. అల్ హాకిమ్, అల్ జాహిర్, అల్ ముస్తన్సిర్ పేర్లతో వేలకొద్దీ దొరికాయి. అంత విరివిగా దొరకడమే మళ్లీ పాత అనుమానాన్ని లేపింది. ఫాతిమీల కాలంలో రాగి నాణేలు దాదాపు లేవు కాబట్టి ఈ బిళ్లలే చిల్లరగా చలామణి అయ్యాయని పాల్ బాలోగ్ అనే పరిశోధకుడు వాదించారు. ఫోన్ చెల్లింపులు రాకముందు మన కొట్లలో చిల్లర లేదంటూ చాక్లెట్ చేతిలో పెట్టేవాళ్లు చూడండి, అలా. కాదు, ఇవీ తూకపురాళ్లేనని 1981లో మైకేల్ బేట్స్ బదులిచ్చారు. నాకు బేట్స్ మాటే సబబనిపిస్తుంది. ఉత్త టోకెనే అయితే దీనారుకూ దిర్హముకూ సరితూగేలా అంత జాగ్రత్తగా చేయాల్సిన పనేముంది?

బేట్స్ వైపు మొగ్గేలా చేసేది ఒక ఓడ. టర్కీ నైరుతి తీరంలో, రోడ్స్ ద్వీపానికి ఎదురుగా సెర్చె లిమానీ అనే చిన్న రేవుంది. 1973లో అక్కడి నీటి అడుగున మునిగిన ఓడ జాడ తెలిసింది. 1977 నుంచి 79 దాకా జార్జ్ బాస్ బృందం తవ్వి తీసింది. లోపల మూడు టన్నుల గాజు! కరిగించి మళ్లీ వాడుకోవడానికి తీసుకెళ్తున్న గాజు ముద్దలు, పగిలిన సామాను. వాటి మధ్య తక్కెడ సరంజామా, దానితో పదహారు ఫాతిమీ గాజు బిళ్లలు. ఒకే ఓడలో ముస్లిం దేశాల తూకపురాళ్లూ ఉన్నాయి, బైజాంటియం తూకపురాళ్లూ ఉన్నాయి. ఏ రేవులో ఆగితే ఆ రాళ్లు తీయాలి కదా మరి. ఓడ ఎప్పుడు మునిగిందో చెప్పింది కూడా ఆ బిళ్లలే. వాటిలో అన్నిటికన్నా కొత్తది 1024-25 నాటిది. ఆ ఓడ, ఆ గాజు ఇప్పుడు టర్కీలో బోద్రుమ్ కోటలోని సముద్రగర్భ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి.

ఫుస్తాత్‌కు మాత్రం అంత ప్రశాంతమైన ముగింపు దక్కలేదు. 1168లో క్రూసేడర్ల రాజు అమాల్రిక్ సైన్యంతో వస్తుంటే ఊరు వాళ్ల చేతికి చిక్కకూడదని వజీరు షావర్ తగలబెట్టించాడు. 54 రోజులు మండిందని చరిత్రకారుడు మక్రీజీ రాశారు. అంతా కాలిపోలేదని నేటి చరిత్రకారులంటారు గానీ, ఊరు మళ్లీ పాత వైభవం చూడలేదు. ఆ దిబ్బల్లో బిళ్లలతోపాటు ఇంకో వింత దొరికింది. సన్నటి కాగితపు పట్టీల మీద ప్రార్థనలు అచ్చువేసి, చుట్టి, సీసపు గొట్టాల్లో పెట్టి మెడలో కట్టుకునే తాయెత్తులు. చేత్తో రాసినవి కావు, అచ్చు వేసినవి. 10వ శతాబ్దం నాటికే, అంటే గూటెన్‌బర్గ్ కన్నా దాదాపు అయిదు వందల ఏళ్ల ముందు! ముద్ర చెక్కి ఒకే మాటను వందలసార్లు దింపే పని గాజు మీద అలవాటైన ఊరికి కాగితం మీద వేయడం పెద్ద కష్టం కాకపోవచ్చు.

చూడాలంటే...

కైరోలో బాబ్ అల్ ఖల్క్ చౌరస్తాలో ఉన్న ఇస్లామిక్ కళల మ్యూజియం ఈ కాలపు గాజుకు పుట్టిల్లు. 1903లో తెరిచారు. 2014 జనవరి 24న ఎదుటి పోలీసు కార్యాలయం మీద జరిగిన కారుబాంబు దాడిలో మ్యూజియం ముఖభాగం దెబ్బతింది, లోపల గాజు వస్తువులు ఎన్నో ముక్కలయ్యాయి. ఓపిగ్గా అతికించి 2017 జనవరిలో మళ్లీ తెరిచారు. ఫుస్తాత్ తవ్వకాల్లో దొరికిన, 773 నాటి ఈజిప్టు గవర్నరు పేరున్న మెరుపు రంగుల గాజు కప్పు ఇక్కడిదే, తప్పకుండా అడిగి చూడండి. ఫుస్తాత్‌లోనే 2021లో పూర్తిస్థాయిలో తెరిచిన ఈజిప్టు నాగరికత జాతీయ మ్యూజియం కూడా ఉంది. అక్కడ అందరూ రాజుల మమ్మీల కోసం వరస కడతారు.

ఈజిప్టు దాకా వెళ్లలేకపోయినా ఫరవాలేదు. లండన్‌లో ఉన్న మనవాళ్లు బ్రిటిష్ మ్యూజియం, యూనివర్సిటీ కాలేజీలోని పీట్రీ మ్యూజియం చూడొచ్చు. గాజు బిళ్లల మీద 1926లోనే పుస్తకం వేసిన ఫ్లిండర్స్ పీట్రీ సేకరణ అక్కడుంది. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉన్నవాళ్లకు మెట్రోపాలిటన్ మ్యూజియం ఉండనే ఉంది. అద్దం వెనక ఉన్న బిళ్లను చదవాలంటే ఒక చిట్కా. ఎదురుగా నిలబడకండి, కాస్త పక్కకు జరిగి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. అక్షరాలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి.

ఖాన్ అల్ ఖలీలీ బజార్లో ఎవరైనా ఆకుపచ్చ గాజు బిళ్ల చూపించి పాతది, చవగ్గా ఇస్తానంటే మాత్రం నవ్వి ముందుకు నడవండి. నకిలీదైతే డబ్బు దండగ. అసలుదైతే మరీ ప్రమాదం. 1983 నాటి 117వ నంబరు చట్టం ప్రకారం ఈజిప్టులో పురావస్తువులు అమ్మడం, దేశం దాటించడం నేరం. విమానాశ్రయంలో సూట్‌కేసు విప్పి చూసేవాళ్లకు అరబ్బీ బాగా చదవడం వచ్చు.